ఇంటికి వచ్చిన తోటరాముడు

“పాతాళభైరవి” పాత చిత్రము గదా, ఏ ప్రతి అయిన నేమి అని మనలో చాలమంది అనుకొందురు. ప్రొద్దుటూరు అంగడిలో కొనిన డీవీడీలో ఒక తోటరాముడున్నాడు. జమ్మలమడుగులో ఎవరి బీరువాలోనో ఇరువది యేండ్లనుండి పడియున్న వీసీడీలో మరియొక తోటరాముడున్నాడు. పులివెందులలో ఈ సాయంకాలము టీవీకి ఇంటర్నెట్టు కలిపి పిల్లలకు చూపించు తోటరాముడు మూడవవాడు. ముగ్గురును ఒక్కరే కావలెను, కాని కారు. ఒకనికి తలపాగా పై అంచు తెగిపోయి యుండును. ఒకని కంఠము ఉండవలసిన దానికంటె సన్నగా వినబడును. ఒకని సాహసములలో పది పదునైదు నిమిషములు దారిలో ఎక్కడనో జారిపోయి యుండును. పెద్దలు ఈ తేడా గమనింపరు. పిల్లవాడు మాత్రము అరగంటలో లేచిపోయి, “పాత సినిమా, బాగా లేదు” అని తీర్పు చెప్పును. ఆ తీర్పు నిజమునకు చిత్రము మీద కాదు, ప్రతి మీద. ఆ సంగతి వానికి చెప్పగలవారు ఇంటిలో ఒకరైనను ఉండవలెనన్న తలంపుతో ఈ ప్రసంగము.

ఈ విషయము మన ప్రాంతమువారికి ఇతరులకంటె కొంత దగ్గరిది. చక్రపాణిగారితో కలిసి విజయా సంస్థను నడిపిన బి. నాగిరెడ్డిగారు కడప జిల్లావారు. ఆయన అన్నగారు, “మల్లీశ్వరి” తీసిన బి. ఎన్. రెడ్డిగారు 1908లో పులివెందుల దగ్గరి కొత్తపల్లెలో జన్మించినారు. “పాతాళభైరవి”లో మాంత్రికుని శిష్యుడు సదాజపుడుగా మనలను నవ్వించిన పద్మనాభముగారిది అదే ప్రాంతమందలి సింహాద్రిపురము. దర్శకులు కె. వి. రెడ్డిగారు మన జిల్లావారు కాకపోయినను జమ్మలమడుగునకు పొరుగనదగిన తాడిపత్రిలో పుట్టినవారే. 1952లో మన దేశమున మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము జరిగినపుడు ప్రదర్శించబడిన చిత్రములలో “పాతాళభైరవి” ఒకటి. ఇన్ని దేశములవారు చూచిన పనిని, దానిని చేసినవారి ఊళ్ల పిల్లలే అంచులు తెగిన ప్రతిలో చూచి పెదవి విరుచుట న్యాయము కాదు.

అమెరికా పిల్లలకు సూపర్‌మాన్ ఎట్టివాడో మన పిల్లలకు తోటరాముడు, ఘటోత్కచుడు, జగదేకవీరుడు అట్టివారు. ఆ సూపర్‌మాన్‌కును ఇటువంటి గతియే పట్టినదని చెప్పిన మీరు ఆశ్చర్యపడుదురేమో. 1941 నుండి 1943 వరకు సూపర్‌మాన్ కథలతో 17 చిన్న కార్టూను చిత్రములు వెలువడినవి. మొదటి తొమ్మిదింటిని ఫ్లైషర్ సోదరుల స్టూడియో తీసినది. మిగిలినవి దాని స్థానమున వచ్చిన ఫేమస్ స్టూడియో తీసినది. టెక్నికలర్ రంగులలో, సినిమాహాలు తెరకొరకు తీసిన చిత్రములవి. ఆనాటి అమెరికా చట్టము ప్రకారము 28 ఏండ్ల తరువాత హక్కును మరల నమోదు చేయించుకొనవలెను. ఈ చిత్రములకు ఎవరును ఆ పని చేయలేదు. హక్కు పోయినది. అంతటితో ఎవరికి దొరికిన ప్రింటును వారు అచ్చొత్తి అమ్మసాగినారు. అరిగిపోయిన ప్రింటునుండి క్యాసెట్టు, ఆ క్యాసెట్టునుండి మరియొక క్యాసెట్టు, దానినుండి డిస్కు. ఎర్రని అంగవస్త్రము గోధుమవన్నెకు దిగినది, నీలి ఆకాశము బూడిదయైనది. ఆ కార్టూనులు సహజముగనే అట్లుండునని ఒక తరమువారు నమ్మినారు. వార్నర్ సంస్థ తనవద్దనున్న మూలములనుండి 2006లోను 2009లోను మంచి ప్రతులను తెచ్చిన పిదపగాని అసలు రంగులు జనులకు తెలియలేదు. కథ అక్కడ ఆగలేదు. అదే సంస్థ 2023లో బ్లూరే డిస్కు తెచ్చినపుడు మచ్చలతోబాటు గీతలలోని నవురును కూడ తుడిచివేసినారని రసికులు గట్టిగా ఆక్షేపించినారు. మురికి ప్రతి ఎంత హానియో అతిగా కడిగిన ప్రతియు అంత హానియే. ఈ రెండవ మాటను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. మన చిత్రములకు ఇప్పుడు ముంచుకొనివచ్చుచున్న ప్రమాదము అదియే.

మన దేశపు చట్టము ప్రకారము చలనచిత్రమునకు హక్కు, విడుదలయిన మరుసటి సంవత్సరమునుండి 60 ఏండ్లు. 1961 ఆగష్టులో విడుదలయిన “జగదేకవీరుని కథ”కు చిత్రముగా ఆ గడువు 2021తో ముగిసినది. ఇటుపైన ఒక్కొక్క యేడు కొన్ని చిత్రములు ఇట్లే అందరి సొత్తు కాగలవు. అందరి సొత్తు అయినది ఎవరి బాధ్యతయు కాకపోవుట లోకములో మామూలే. కనుక పరీక్షించు భారము చూచువానిమీద పడుచున్నది.

పరీక్షకు ముందు, ప్రతి అనగా ఏమో కొంచెము తెలియవలెను. కెమెరాలో తిరిగినది నెగిటివ్. దానినుండి అచ్చులుగా తీసినవి ప్రింట్లు. ఊరూర హాలులలో ఆడినవి ఇవే. ప్రతి ఆటకును ప్రింటు కొంత గీసుకొనును, తెగును, తెగినచోట అతుకుదురు. అతికినపుడెల్ల కొన్ని ఫ్రేములు పోవును. రీలు మొదలు, చివర ఎక్కువగా నలుగును, ఏలయనగా చేతులు తగులునది అక్కడనే. రీలు మారబోవునప్పుడు ఆపరేటరుకు గుర్తుగా తెర కుడివైపు పై మూలను చిన్న చుక్కలు మెరయును. మీ ఇంటి ప్రతిలో ఆ చుక్కలు కనబడి, వానికి ముందు వెనుకల గీతలు వానవలె కురియుచుండిన, అది నెగిటివ్‌నుండి కాక హాలులో ఆడిన ప్రింటునుండి వచ్చినదని గ్రహింపవచ్చును. అది మహాపాతకమేమియు కాదు. కొన్ని చిత్రములకు అట్టి ప్రింటే గతి. ఒక మూల టీవీ చానలు ముద్ర కనబడినచో మాత్రము అది ప్రసారమునుండి పట్టుకొనిన ప్రతి, అనగా నకలుకు నకలు. దానిని కొనవద్దు.

ఇక మొదటి పరీక్ష గడియారముతో. దీనికి చదువు అక్కరలేదు. “పాతాళభైరవి” నిడివి 195 నిమిషములు; “మాయాబజార్” 184 నిమిషములు. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, నిమిషమునకు 90 అడుగుల చొప్పున నడచును. అనగా “మాయాబజార్” సుమారు 16,560 అడుగులు, “పాతాళభైరవి” సుమారు 17,550 అడుగులు. వెయ్యి అడుగుల రీలు ఒకటి పోయిన 11 నిమిషములు పోయినట్లే. ఇప్పుడు వీసీడీ సంగతి చూడుడు. ఒక వీసీడీలో పట్టునది సుమారు 74 నిమిషములు. 184 నిమిషముల చిత్రమునకు మూడు డిస్కులు కావలెను. “మాయాబజార్” అని వ్రాసి రెండే డిస్కులు పెట్టెలో ఉన్నచో, పెట్టె తెరవకముందే చెప్పవచ్చును, అరగంట చిత్రము లోపల లేదని. ఏది పోవును? కథ నడవకుండ ఆగునని అమ్మకందారు ఎంచినది పోవును: ఒక పద్యము, ఒక హాస్య సన్నివేశము, పాటలో రెండవ చరణము. కె. వి. రెడ్డిగారి చిత్రములలో కథ ఆగునట్లు కనబడుచోటనే రాబోవు నవ్వునకు పునాది పడుచుండును. పునాది తీసివేసి గోడ నిలువలేదనుట ఎవరి తప్పు?

అయితే గడియారము ఒక్కొక్కప్పుడు అమాయకునిపై నేరము మోపును. మన దేశపు పాత టీవీ పద్ధతి సెకనుకు 25 చిత్రములది. 24 ఫ్రేముల ఫిల్మును 25గా పరుగెత్తించి క్యాసెట్టుకో డిస్కుకో ఎక్కించుట వాడుక. అందుచేత వందకు నాలుగు పాళ్లు కాలము తగ్గును. 184 నిమిషముల “మాయాబజార్” ఒక్క ఫ్రేమైనను పోకుండ 176 నిమిషముల 38 సెకనులలో ముగియును. 195 నిమిషముల “పాతాళభైరవి” 187 నిమిషముల 12 సెకనులలో ముగియును. కనుక డీవీడీ పెట్టెమీద 177 అని ఉన్నచో, చిత్రము కోసినారని తొందరపడవద్దు. 160 అని ఉన్నచో తొందరపడవచ్చును.

కోత లేదు గాని, పరుగునకు వెల ఒకటి ఉన్నది. వేగము పెరిగిన శ్రుతి కూడ పెరుగును. ఆ పెరుగుదల ఒక అరస్వరములో మూడింట రెండు పాళ్లకు కొంచెము పైన. సంగీతము తెలిసినవారికి ఇది చిన్న సంగతి కాదు. ఘంటసాలగారి కంఠములోని బరువు ఇంచుక తేలికపడును. రంగారావుగారి మాటలో అడుగున మ్రోగు గంభీరము ఒక మెట్టు పైకెక్కును. శ్రుతిపెట్టె గలవారు రెండు ప్రతులను తెచ్చి ఒకే పాటను పోల్చిచూచుకొనవచ్చును. గ్రామఫోను రికార్డుతో మాత్రము పోల్చవద్దు. ఆ రోజులలో రికార్డుకు పాటను విడిగా పాడించుటయు కద్దు, శ్రుతి వేరుగా ఉండవచ్చును. విదేశములలోని తెలుగువారికొరకు అమెరికా పద్ధతిలో చేసిన డీవీడీలలో ఈ పరుగు ఉండదు, శ్రుతి సరిగానే ఉండును. కాని కెమెరా పక్కకు తిరిగినపుడు బొమ్మ కొద్దిగా తడబడుచు నడచును. ఏదో ఒకటి ఓర్చుకొనవలెను. నేను శబ్దముతో బ్రతుకువాడను గనుక తడబాటునే ఓర్చుకొందును.

రెండవ పరీక్ష లడ్లతో. నవ్వకుడు. “మాయాబజార్”లో ఘటోత్కచుడు పెండ్లివిందును ఒంటరిగా ఆరగించు సన్నివేశము తెలియనివారు లేరు. పళ్లెములలోని లడ్లు వానంతట అవియే ఎగిరి నోటిలో పడుచుండును. అప్పుడు చిత్రమును ఆపి చూడుడు. లడ్డు గుండ్రముగా ఉన్నదా, కోడిగ్రుడ్డువలె అడ్డముగా సాగినదా? సాగినచో ప్రతి చెడ్డది. లేదా మీ టీవీ అమరిక చెడ్డది. ఆనాటి చిత్రముల తెర దాదాపు చతురస్రమునకు దగ్గరిది. వెడల్పు 4 పాళ్లయిన ఎత్తు 3 పాళ్లు. ఇప్పటి టీవీ తెర 16కు 9. పాత బొమ్మను క్రొత్త తెరలో సరిగా పెట్టిన ఇరుప్రక్కల నల్లని ఖాళీ మిగులును. ఆ ఖాళీ చూచి ఇంటివారు సణుగుదురు, “టీవీ అంత కొని సగము ఖాళీగా ఎందుకు” అని. ఆ సణుగుడు వినిన వ్యాపారి రెండు ఉపాయములు పన్నును. ఒకటి, బొమ్మను అడ్డముగా లాగుట. అప్పుడు సావిత్రిగారి ముఖము గుమ్మడికాయ యగును. రెండవది, పైన క్రింద కోసి తెర నింపుట. ఇది మరింత మోసము, ఏలయనగా కోసినట్లు తెలియదు. లెక్కకు బొమ్మలో నాలుగవవంతు పోవును. కూర్చున్న మాంత్రికుని ముందరి హోమగుండము పోవచ్చును, నిలుచున్న ఘటోత్కచుని కిరీటము పోవచ్చును. తలలు తెగినట్లును, పాదములు లేనట్లును తోచినచో టీవీ రిమోటులో తెర నిష్పత్తిని 4కు 3గా మార్చి చూడుడు. అప్పటికిని తలలు రాకపోయిన, కోత డిస్కులోనే ఉన్నదన్నమాట.

నల్లని ఖాళీ ఎంత ఎక్కువగా కనబడిన అంత మంచి ప్రతి అని పిల్లలకు చెప్పి ఒప్పించుట కష్టము. నేను ఇంటిలో ప్రయత్నించినాను. రెండు పండుగలు పట్టినది.

మూడవది చోటు లెక్క. మూడు చిత్రములు ఒకే డీవీడీలో అని పెద్ద అక్షరములతో అచ్చువేసిన డిస్కులు మన అంగళ్లలో విరివిగా అమ్ముడుపోయినవి. సాధారణ డీవీడీలో పట్టునది 4.7 గిగాబైట్లు. అందులో ఒక్క “మాయాబజార్” పెట్టిన, ప్రతి సెకనుకును దాదాపు 34 లక్షల బిట్లు దొరకును. మూడు మూడు గంటల చిత్రములు మూడు కుక్కిన, ప్రతి సెకనుకును దొరకునది 12 లక్షల బిట్లకు లోపు. ఇది పాత వీసీడీ బొమ్మకు ఇచ్చిన లెక్కకు సమానము! డీవీడీలో వీసీడీని కొనుటయన్నమాట. రెండు పొరల డీవీడీలో 8.5 గిగాబైట్లు పట్టును. ఒక్క చిత్రమునకు ఆ డిస్కు వాడిన సంస్థ చిత్రమును గౌరవించినదని నమ్మవచ్చును. ఇంటర్నెట్టు ప్రతులకు ఈ లెక్క వేరు రూపములో వచ్చును. అక్కడ 1080 అనియో 4కే అనియో వ్రాసియుండును. అది గిన్నె పరిమాణమేగాని అందులోని పాల చిక్కదనము కాదు. 576 గీతల పాత డీవీడీ బొమ్మను సాగదీసి 4కే గిన్నెలో పోసిన అవి నీళ్లపాలే.

చిక్కదనము చూచుట ఎట్లు? చీకటి సన్నివేశములలో చూడవలెను. వెలుతురులో ఏ ప్రతియైనను బాగుగనే ఉండును. “పాతాళభైరవి”లో గుహ, “మాయాబజార్”లో వెన్నెల నౌకావిహారము, ఈ రెండును చాలును. రెండింటికిని కెమెరా పట్టినవారు మార్కస్ బార్ట్‌లేగారు. ఆ వెన్నెల ఆకాశమున దొరకిన వెన్నెల కాదు. దీపములతో కట్టిన వెన్నెల. నలుపునకు తెలుపునకు నడుమ ఎన్ని మెట్లు ఉన్నవో అన్నింటిని వాడుకొని కట్టినది. నీటిమీద పడు వెలుగు ఒక మెట్టు, బుగ్గమీద పడు వెలుగు ఒక మెట్టు, తీరము వెంబడి చెట్ల నీడ ఒక మెట్టు. మంచి ప్రతిలో ఈ మెట్లన్నియు వేరువేరుగా నిలుచును. చెడ్డ ప్రతిలో రెండే మిగులును: బొగ్గు, సున్నము. చీకటిలో చెట్టున్నదో లేదో తెలియకపోయినను, ముఖము సున్నము కొట్టిన గోడవలె మెరసినను, ఆ ప్రతి ఎన్ని నకళ్లు దాటివచ్చినదో ఊహించుకొనుడు.

దీనికి విరుద్ధమైన తెగులు ఇందాక చెప్పిన అతిశుభ్రత. ఫిల్ముపై బొమ్మను కట్టునది సన్నని వెండి రవ్వలు. మంచి ప్రతిలో ఆ రవ్వలు సజీవముగా కదలుచు కనబడును. అది మురికి కాదు, చిత్రమునకు చర్మము. యంత్రముచే తుడిపించినపుడు మచ్చ ఏదో రవ్వ ఏదో యంత్రమునకు తెలియదు. రెండును పోవును. ముఖములు మైనపుబొమ్మలవలె నునుపు తేలును, చీర జరీ పేలిపోయినట్లు అలుకుకొనిపోవును. ఇటీవల కంప్యూటరులు ఇంకొక అడుగు వేసి, లేని వివరములను తామే కల్పించి అతికించుచున్నవి. పాత ముఖమున క్రొత్త కనురెప్పలు మొలచును. దూరమునుండి చూచిన అద్భుతముగా ఉండును. దగ్గరనుండి చూచిన ఆ మనిషి రామారావుగారి తమ్మునివలె ఉండును.

రంగుల “మాయాబజార్” సంగతి అడుగనివారు లేరు. 1957 మార్చిలో నలుపు తెలుపులలో విడుదలయిన చిత్రమునకు హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులద్ది, శబ్దమును అయిదు దిక్కుల డీటీఎస్‌గా మార్చి 2010 జనవరి 30న హాలులలో విడుదల చేసినది. ఆ పని శ్రద్ధతో చేసినదే. చిత్రమును ఎన్నడును చూడని పిల్లలను హాలునకు రప్పించినది. అందుకు ఆ సంస్థకు కృతజ్ఞత చెప్పవలసినదే. కాని ఆ ప్రతిని “మాయాబజార్” అనవచ్చునా అన్న ప్రశ్న వేరు.

ఒక చిన్న శోధన చేసి చూడుడు. ఎర్ర చీరను, ఆకుపచ్చ చీరను పక్కపక్కన పెట్టి మీ ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయుడు. రెండును ఒకే బూడిదరంగు కావచ్చును. ఆ బూడిదనుండి వెనుకకు పోయి ఏది ఎరుపో ఏది పచ్చయో చెప్పుట ఎవరితరమును కాదు. కనుక రంగులు అద్దువారు ఊహింతురు. ఊహ తప్పన్న మాట లేదు, ఒప్పన్న మాటయు లేదు. ఆనాటి కళాదర్శకులు గోఖలే, కళాధర్‌గారలు పనిచేసినది బూడిద కొరకు. నలుపు తెలుపు చిత్రములో గోడకు, గుడ్డకు రంగును ఎన్నుకొనునది, అది తెరపై ఎంత ముదురు, ఎంత లేత అగునని లెక్కవేసి. ఆ లెక్కమీద క్రొత్తరంగు పోసిన, దీపములు ఒకమాట చెప్పును, రంగులు ఒకమాట చెప్పును. బార్ట్‌లేగారికి రంగులు చేతగాక నలుపు తెలుపులలో తీసినారని కొందరనుకొందురు. 1965లో వచ్చిన మలయాళ చిత్రము “చెమ్మీన్”ను రంగులలో తీసినవారు ఆయనయే. నా కంటికి రంగుల ప్రతిలో అన్నింటికంటె ఎక్కువగా నష్టపడినది వెన్నెలయే; అది నీలిమందు కలిపిన నీరైనది. పైగా రంగుల ప్రతి మూలముకంటె పొట్టిది. పద్యములు చాలవరకు అందులో చేరలేదు. పద్యమునకు పుట్టినిల్లయిన నేలమీద నిలిచి ఈ మాట చెప్పుట కష్టముగనే ఉన్నది.

కాబట్టి నా సలహా ఇది. చిన్నపిల్లలకు మొట్టమొదటిసారి చూపించుటకు రంగుల ప్రతి పనికివచ్చును; కాదనను. ఇంటిలో ఉంచుకొనునది మాత్రము నలుపు తెలుపుల పూర్తి ప్రతి కావలెను. రెండింటిలో ఒకటే కొనగలిగిన, రెండవదే కొనుడు. ఎనిమిదేండ్ల పిల్లవానికి ఘటోత్కచుడు నలుపు తెలుపులలో నచ్చడన్న మాట పెద్దల భయమేగాని పిల్లల మాట కాదు.

మొదటినుండియు రంగులలో తీసిన చిత్రములకు కష్టము మరియొక రకము. 1963లో వచ్చిన “లవకుశ” తెలుగున మొదటి పూర్తి రంగుల చిత్రము. ఆ కాలపు ఈస్ట్‌మన్ రంగు ప్రింట్లలో నీలిపాలు ముందుగా వెలిసిపోవును, మిగిలినది గులాబివన్నె. ఆశ్రమమంతయు కుంకుమ చల్లినట్లున్నచో అది సంధ్యారాగము కాదు, ప్రింటు ముదిమి.

శబ్దము విషయమున మన శ్రోతలకు నేను చెప్పవలసినది తక్కువ. ఆకాశవాణి సంక్షిప్త శబ్దచిత్రములు వినుచు పెరిగినవారు ఈ ఇండ్లలో ఉన్నారు. బొమ్మ లేకుండ మూడు గంటల చిత్రమును గంటలో చెవితో చూచినవారికి, ఎక్కడ ఏ మాట రావలెనో కంఠోపాఠము. మాట జారిన వెంటనే పట్టుకొందురు. అట్టి పెద్దవారిని ఒకరిని పక్కన కూర్చుండబెట్టుకొని ప్రతిని పరీక్షించుట అన్నింటికంటె శ్రేష్ఠమైన పద్ధతి. ఒక్క సూచన. పాత శబ్దపథములో బుసబుసమను సవ్వడి సహజము. దానిని అణచివేయు యంత్రములు మోతాదు మించిన, ఆ బుసతోబాటు సకారమును కూడ మ్రింగును. రెండును ఇంచుమించు ఒకే ఎత్తున మ్రోగును గనుక వేరుపరచుట కష్టము. పింగళి నాగేంద్రరావుగారు కల్పించిన “అసమదీయులు”, “తసమదీయులు” అను మాటలు ఇందుకు దివ్యమైన గీటురాళ్లు. సకారము స్పష్టముగా, పలుచని గాలితో వినబడిన ప్రతి మంచిది. నోటిలో గుడ్డ కుక్కినట్లు వినబడిన, బుస లేకపోయినను ఆ ప్రతి చెడ్డది. కొంచెము బుస ఉన్నచోట మనిషి ఉన్నాడు. ఇక అయిదు దిక్కుల శబ్దము. మూలమున ఉన్నది ఒక్క దిక్కు. మిగిలిన నాలుగు దిక్కులనుండి వచ్చునది తరువాత చేర్చినది, కత్తులు కొట్టుకొను మోత, ఉరుములు. పండుగనాడు బాగుండును. మూల శబ్దము కూడ అదే డిస్కులో ఎన్నుకొనుటకు వీలున్నదా అని చూడవలెను. లేనిచో ఒక మార్కు తగ్గింపవచ్చును.

డిస్కులమ్ము అంగళ్లు ఇప్పుడు మన ఊళ్లలో అరుదు. బీరువాలోని పాతవానిని పారవేయవద్దని నా మనవి. వీసీడీలో బొమ్మ మసకగానున్నను, మూడు డిస్కుల పూర్తి ప్రతి అయినచో అందులోని ఒక పద్యము వేరెక్కడను దొరకకపోవచ్చును. ఎండ తగులని చోట, గీతలు పడకుండ నిలువుగా నిలిపి ఉంచుడు. వీలున్నవారు కంప్యూటరులోనికి ఎక్కించుకొని ఉంచుడు. క్యాసెట్టు అయినచో ఆలసింపరాదు, టేపు మీది పూత ఏడాదికేడాది రాలుచుండును. ఇంటర్నెట్టులో ఒకే చిత్రమునకు పదిప్రతులు దొరకును. మొదట కనబడినది మంచిదను నియమము లేదు. నిడివి చూచి, లడ్డు చూచి, వెన్నెల చూచి, సకారము విని ఎన్నుకొనుటకు పది నిమిషములు చాలును.

మంచి ప్రతి ఎట్లుండునో ఒకసారి పెద్ద తెరపై చూచినవారికి ఇవన్నియు చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో నాగేశ్వరరావుగారి శతజయంతి సందర్భమున జాతీయ చిత్ర భాండాగారము, ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ కలిసి ఆయన చిత్రములను దేశమున అనేక నగరములలో ప్రదర్శించినపుడు “మాయాబజార్” వానిలో ఒకటి. అట్టి ప్రదర్శనలు మరల జరిగినపుడు దూరమని మానవద్దు. పిల్లలను తీసికొనిపోవుడు.

ఆ దాకా ఇంటిలో చేయదగిన వినోదమొకటి చెప్పెదను. “జగదేకవీరుని కథ”లో శివశంకరీ పాట ఉన్నది గదా. ఒకే ఫ్రేములో పలువురు రామారావులు కూర్చుండి ఒకరు పాడుచుండగా తక్కినవారు వాద్యములు వాయింతురు. కంప్యూటరు లేని కాలమున, కెమెరా కన్నులో కొంత భాగమును మూసి ఒకరిని తీసి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, మూసినచోటు తెరచి రెండవవానిని తీసి, ఇట్లు కట్టినది. ఒక్కసారి చేయి తప్పిన మొదటినుండి తీయవలసినదే. పిల్లలచేత ఆ రామారావులను లెక్కపెట్టించి, వారికి వారికి నడుమ అతుకు ఎక్కడనో వెదకి చూపుమనుడు. సాగదీసిన ప్రతిలో లెక్క తేలదు. కడిగివేసిన ప్రతిలో అతుకు దొరకదు, మనుష్యులును దొరకరు. మంచి ప్రతిలో పిల్లలు టీవీకి ముక్కు ఆనించి వెదకుదురు.